ఏడిళ్ళకి ఒకే నంబరు

మా ఊళ్ళో ఏడిళ్ళ పిల్లల మార్కులు ఒకే ఫోనుకి వచ్చేవి. ఆ ఫోను ఆటో ఆయనది. మొన్న కార్తీకంలో ఒక సోమవారం పొద్దున్న ఆటో రాలేదు. పిల్లలు సంచులు తగిలించుకుని కాలవ గట్టు మీద ముప్పావు గంట నిలబడ్డారు. ఆయన ఫోను ఎత్తకపోవడమనేది ఎవరూ ఎరగరు. ఎత్తడం లేదనగానే సగం సంగతి అందరికీ అర్థమైంది. పిల్లల్ని ఎక్కించుకునే ముందు రోజూ ఒక ట్రిప్పు అరటి గెలలు రావులపాలెం మార్కెట్టుకి చేరవేసేవారు. ఆ పొద్దున గెలలు దించుతూ దించుతూ గుండె పట్టుకుని కూర్చున్నారట. రాజమండ్రి తీసుకెళ్ళేలోపే పోయారట.

ఆ రోజు నుంచి నాకు కుదురు లేదు. పేపర్లు దిద్దుదామని కూర్చుంటే రెండు దిద్ది లేస్తాను. పొయ్యి మీద పాలు పెట్టి వీధిలోకి వెళ్ళి నిలబడతాను. చుట్టం కాదు, స్నేహితుడు కాదు, పైగా ఆయన్ని పదిమందిలో నిలబెట్టి తిట్టిన మనిషిని ఈ ఊళ్ళో నేనొక్కదాన్నే. ఆయన గురించి రాయడానికి నాకున్న అర్హత కూడా బహుశా అదే.

నేను లెక్కల టీచర్ని. పక్క మండలంలో జెడ్పీ హైస్కూల్లో పదహారేళ్ళుగా లెక్కలు చెబుతున్నాను. మా అమ్మాయి మాత్రం రావులపాలెంలో ప్రైవేటు స్కూల్లో చదివేది. నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు, ఆయనా నవ్వేవారు. "టీచర్ గారు ఆళ్ళ హోటల్లో టిఫిన్ తినరండి, పక్క హోటల్‌కెళ్తారు" అని ఆటోలో పిల్లలతో అనేవారట. మా అమ్మాయి ఇంటికొచ్చి చెబితే నాకు ఒళ్ళు మండింది. కాదనడానికి మాత్రం ఏమీ దొరకలేదు.

పొట్టి మనిషి. పైన ఖాకీ చొక్కా, కింద గళ్ళ లుంగీ. ఒక్క చోట నిలకడగా ఉండే రకం కాదు. బండి ఆగితే అద్దం సరిచేసేవారు. అద్దం సరిగ్గానే ఉంటే గుడ్డ తీసి తుడిచేవారు. తుడిచాక అది మళ్ళీ పక్కకి తిరిగేది, మళ్ళీ సరిచేసేవారు. మాట్లాడుతున్నంతసేపూ ఒక కాలు ఆడుతూనే ఉండేది. చూసేవాళ్ళకి విసుగ్గా ఉండేది గానీ నేననకూడదు, క్లాసులో నేనూ కుర్చీలో కూర్చునే మనిషిని కాదు. గెలలు మోసిన బండిలోనే పిల్లల్ని కూర్చోబెట్టేవారు కాబట్టి మా ఊరి పిల్లలందరి యూనిఫారాలకీ వెనక నల్లటి అరటి మరకలుండేవి. అవి ఏ సబ్బుకీ పోవు. స్కూల్లో ఆ మరకల్ని బట్టే "మీది ఫలానా ఊరా?" అని పోల్చేవారట.

పిల్లలందరూ ఆయనకి గారే. యూకేజీ పిల్లాణ్ణి కూడా "బాబు గారు, కాలు లోపల పెట్టుకోండి" అనేవారు. ఇక ఆయన 'ఆయ్' సంగతి. మా వైపు ఆయ్ అంటే అవునని అర్థం. ఆయన ఆయ్ మాత్రం అవుననడానికీ, కాదనడానికీ, మీతో వాదన నాకెందుకులెండి అనడానికీ కూడా సరిపోయేది. ఏది ఎప్పుడో ఆ కాలు ఆడే తీరు చూసి తెలుసుకోవాలి.

నంబరు సంగతి చెప్పాలి. స్కూల్లో చేర్చేటప్పుడు ఫారంలో ఒక ఫోను నంబరు రాయాలి. మార్కులు, సెలవులు, పిల్ల ఆ పూట బడికి రాకపోతే ఆ కబురు, అన్నీ ఆ నంబరుకే మెసేజీగా వస్తాయి. "ఎప్పుడు చేసినా ఎత్తే నంబరివ్వండి" అన్నాడు గుమస్తా. మా ఊళ్ళో అలాంటి నంబరు ఎవరికుంది? కొందరు పిల్లల తల్లులు కువైట్లో ఇళ్ళల్లో పని చేస్తున్నారు, వాళ్ళ నంబర్లు మారుతూ ఉంటాయి. తండ్రులు లారీల మీద ఉంటారు. ఇంట్లో ఉండే అమ్మమ్మలకి ఫోను ఎత్తడం వచ్చు, మెసేజీ చదవడం రాదు. నేను క్లాసులో ఫోను ముట్టుకోను. మా వారు ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసుకి పొద్దున్నే పోతే దీపాలు పెట్టాకే ఇల్లు చేరతారు, ఆయన ఫోను ఎప్పుడూ సొరుగులోనే. ఎప్పుడు చేసినా ఎత్తేది ఆటో ఆయనొక్కరే. ఒకరిని చూసి ఒకరం, ఏడిళ్ళవాళ్ళం ఆయన నంబరే రాసేశాం. ఎవరి మట్టుకు వాళ్ళం తెలివైన పని చేశామనుకున్నాం.

అలా ఏడిళ్ళ పిల్లల మంచీ చెడూ ఒక ఆటో డ్రైవరు చొక్కా జేబులోకి చేరింది. దాన్ని ఆయన తేలిగ్గా తీసుకోలేదు. దానికో పద్ధతి పెట్టుకున్నారు. "మార్కులు వేడి మీద చెప్పకూడదండి" అనేవారు. మెసేజీ వచ్చిన రోజు పెద్దవాళ్ళకి చెప్పేవారు కాదు. ముందు ఆ పిల్లాడికే చెప్పేవారు. "బాబు గారు, మీకు సైన్సులో పధ్నాలుగొచ్చేయండి. అమ్మమ్మ గారికి రేపు సాయంత్రం చెప్తాను. ఈలోగా మీరే చెప్పుకుంటే ఇంకా మంచిది." సగం మంది వాళ్ళే చెప్పేసుకునేవారట. చెప్పని వాళ్ళ ఇళ్ళల్లో మర్నాడు పిల్లాడు అన్నం తిని ఆటకి పోయాక, అరుగు మీద కూర్చుని అమ్మమ్మకి చదివి వినిపించేవారు. కువైట్ తల్లులకి శుక్రవారం సాయంత్రం, వాళ్ళ తీరిక చూసుకుని, పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఫోను చేసేవారు. పెంచి చెప్పడం, తగ్గించి చెప్పడం లేదు. ఒక్క ఆలస్యమే ఆయన చేసేది.

ఇంకో పద్ధతి ఉంది. అది నేను కళ్ళారా చూశాను. ఒకరోజు నా స్కూటీ టైరు పంక్చరైతే ఆయన ఆటోలోనే రావులపాలెం దాకా వెళ్ళాను. బండి గట్టెక్కగానే ఆయన అద్దంలోంచి చూస్తూ, "ఏవండి, నిన్నటి తప్పులు చెప్పుకుందామా?" అన్నారు. నేను ఉలిక్కిపడ్డాను. పిల్లలు మాత్రం ఎగబడ్డారు. ముందు ఆయన చెప్పారు. నిన్న సాయంత్రం వంతెన దిగాక తొందరపడి ఇసక లారీని ఎడంపక్క నుంచి దాటబోయాననీ, లారీ వాడు తిట్టాడనీ, వాడు తిట్టడం న్యాయమేననీ. తర్వాత వరసగా పిల్లలు. ఈ ఆటకి నియమాలున్నాయి. తప్పు ఎక్కడ జరిగిందో అవతలివాళ్ళకి కనపడేలా చెప్పాలి. మర్చిపోయానంటే ఒప్పుకోరు, "అది తప్పు కాదండి, వంక" అంటారు. బాగా చెప్పినవాళ్ళకి వంతెన మీద హారన్ కొట్టే హక్కు.

ఆ రోజు మా అమ్మాయి చెప్పింది. "అరా, మూడో వంతూ కూడమంటే రెండు బై అయిదు వేశాను." తొమ్మిదో తరగతి పిల్ల, లెక్కల టీచరు కూతురు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వెనకనుంచి ఒక అయిదో తరగతి పిల్ల కాసేపు ఆలోచించి, "అక్కా, అది అర కంటే తక్కువ కదా!" అని అరిచింది. ఆయన పకపకా నవ్వారు. "సగం గెలకి ఇంకాస్త కలిపితే సగం కంటే తగ్గిపోయిందాండి! పాప గారూ, మార్కెట్లో మనం అలాంటోళ్ళకి దొరక్కూడదండి." అందరూ నవ్వారు. మా అమ్మాయి కూడా నవ్వింది, లెక్కల మాట మీద అది నవ్వగా నేను చూడడం ఎన్నేళ్ళ తర్వాతో. వంతెన మీద హారన్ అదే కొట్టింది, మా ముందు పోతున్న బస్సు పక్కకి తప్పుకునేంత గట్టిగా.

"టీచర్ గారు కూడా చెప్పాలండి. బండెక్కినవాళ్ళందరూ చెప్పాలి" అన్నారు ఆయన. నేను విననట్టు ఫోను తీసి చూసుకున్నాను.

నిజం చెప్పొద్దూ, నాకు ఆ ఆట నచ్చలేదు. తప్పులు చెప్పుకుని హారన్లు కొట్టుకుంటే చదువులెలా వస్తాయనిపించింది. నా పిల్ల తప్పుని అంతమంది వినడం ఇంకా నచ్చలేదు. అయినా దాని మార్కులెంతో నేను అడగలేదు. "ఇంకా ఇవ్వలేదమ్మా" అంటే సరే అనుకునేదాన్ని. నా ముందు ఎప్పుడూ నూటయాభై పేపర్ల కట్ట ఉండేది. వాటిలో ప్రతి పిల్ల ఎక్కడ తప్పు చేసిందో నాకు తెలుసు, ఒక్క మా ఇంటి పిల్ల తప్ప.

డిసెంబరులో పేరెంట్స్ మీటింగుకి వెళ్ళాను. అక్కడి లెక్కల సారు నాకంటే పదేళ్ళు చిన్నవాడు. "మేడమ్, మూడు టెస్టులకీ మెసేజీలు పెట్టాం. మీరూ లెక్కలే కదా, చూసుకుంటారనుకున్నాం" అన్నాడు. యాభైకి పదకొండు, తొమ్మిది, పన్నెండు. నాకు చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి. బయటికొస్తే గేటు పక్కన ఆయన బండి, లోపల అప్పటికే పిల్లలు ఎక్కి కూర్చున్నారు, మా అమ్మాయితో సహా. నేను ఆగలేదు.

"మా పిల్ల మార్కులు నా దగ్గర దాచడానికి మీరెవరండీ? ఏం చదువుకున్నారని మీరు?" అన్నాను. ఎంత కోపమొచ్చినా మా వైపు అండీ పోదు. మాట మాత్రం కోసింది. చుట్టూ ఉన్న తల్లిదండ్రులు తలలు తిప్పారు.

ఆడే కాలు ఆగిపోయింది. "తప్పేనండి" అన్నారాయన. జేబులోంచి ఫోను తీసి నాకిచ్చారు. ఒక్క మెసేజీ కూడా చెరపలేదు. "పాప గారు తనే చెప్తానన్నారండి. కాస్త టైమడిగేరు. ఇచ్చేను."

"మూడు నెలలా?"

"ఆవిడకి ధైర్యం రావాలి కదండీ."

"తల్లితో చెప్పడానికి ధైర్యమేంటండీ?" అన్నాను. దానికి ఆయన ఆయ్ అన్నారు. ఆ మర్నాడే స్కూలుకి వెళ్ళి నంబరు మార్పించి నా నంబరు రాయించాను. ఆటో మాత్రం మాన్పించలేదు, ఆ దారిలో ఇంకో బండి లేదు.

ఇంటికొచ్చాక మా అమ్మాయిని కూర్చోబెట్టి నాతో ఎందుకు చెప్పలేదని అడిగాను. గోడకేసి చూస్తూ, "చెప్తే నువ్వు లెక్కలు చెప్పడం మొదలెడతావు" అంది. ఆ మాటకి ఎవరైనా కాసేపు ఆలోచించాలి. నేను పుస్తకం తెచ్చి లెక్కలు చెప్పడం మొదలెట్టాను. రోజూ పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట. అర్థమైందా అంటే తలూపేది. అన్నిటికీ తలూపేది. పదహారేళ్ళుగా క్లాసులో తలలు చూస్తున్నదాన్ని, ఏది నిజం ఊపో ఏది అబద్ధం ఊపో తెలియదా నాకు? తెలుసు. తెలిసే తర్వాతి లెక్కకి పోయేదాన్ని.

ఏప్రిల్లో, తొమ్మిదో తరగతి పరీక్షలయ్యాక, బడి ఇంకా నడుస్తుండగానే నా ఫోనుకి మెసేజీ వచ్చింది. మీ అమ్మాయి పదో తరగతి కొనసాగింపు గురించి మాట్లాడాలి, శనివారం వచ్చి కలవండి అని. స్టాఫ్ రూములో పదిమంది మధ్య చదివాను. దాని అర్థం నాకు తెలుసు. టెన్త్ రిజల్టు పాడుచేస్తారనుకున్న పిల్లల్ని కొన్ని చోట్ల ముందే మర్యాదగా బయటికి పంపుతారు, టీసీ తీసుకోమంటారు. ఆ సాయంత్రం ఇంటికెళ్తూనే ఆ ఫోను మా అమ్మాయి చేతికిచ్చి చదవమన్నాను. అది చదివి నాకు తిరిగిచ్చేసింది.

శనివారం నేనూ మా అమ్మాయీ స్కూలు ఇన్‌చార్జి గారి గది బయట బల్ల మీద కూర్చున్నాం. పక్కనే ఆటో ఆయన. నేను ఒక పిల్లకి, ఆయన ముగ్గురికి. ఆ ముగ్గురి ఇళ్ళ నంబరు ఇంకా ఆయనదే కాబట్టి వాళ్ళ మెసేజీలు ఆయనకే వచ్చాయి. తల్లులు కువైట్‌లో, ఒకడి తండ్రి ఎక్కడో లారీలో, వచ్చేవాళ్ళెవరూ లేరు. ఇస్త్రీ చేసిన ప్యాంటు వేసుకుని వచ్చారు. లుంగీ లేకుండా ఆయన్ని చూడడం నాకదే మొదలు.

డిసెంబరులో నేనన్న మాట ఆయన పట్టించుకోనట్టే మాట్లాడారు. "నాది ఏడో తరగతి ఫెయిలండి" అని మొదలెట్టారు, కాలు ఆడిస్తూ. "మా నాన్న వచ్చి సంతకం పెట్టి తీసుకుపోయేడండి. కొట్టలేదండి, తిట్టలేదండి. నువ్వేమంటావురా అని అడగనూ లేదు. మర్నాడు మార్కెట్టుకి తీసుకెళ్ళి భుజం మీద గెల పెట్టేడు. అడిగుంటే ఏం చెప్పేవాణ్ణో నాకిప్పటికీ తెలవదండి." నేను ఊఁ కొడుతున్నానే గానీ వినడం లేదు. లోపల ఏం మాట్లాడాలో కూడబలుక్కుంటున్నాను.

ముందు ఆయన్ని పిలిచారు. ముగ్గురు పిల్లల్నీ వెంటబెట్టుకుని వెళ్ళారు. తలుపు పూర్తిగా వేసుకోలేదు, మాటలన్నీ వినపడుతున్నాయి. ఆయన గొంతు కాదు, పిల్లల గొంతులు. ఒకడు తనకి ఇంగ్లీషు చదవడం వస్తుందనీ, రాయబోతే అక్షరాలు పోతాయనీ చెబుతున్నాడు. ఇంకో పిల్ల సోషల్లో ఎందుకు తప్పిందో చెబుతోంది. మూడోవాడు మధ్యలో ఆగిపోయి మళ్ళీ మొదటి నుంచి మొదలెట్టాడు. నాకు చిరాకేసింది. పసిపిల్లల చేత బతిమాలిస్తున్నారు, మర్యాద లేదా ఈయనకి అనుకున్నాను. నా పిల్ల చేత మాత్రం ఎవరి ముందూ అలా అడుక్కోనివ్వనని ఆ బల్ల మీద కూర్చునే ఒట్టు పెట్టుకున్నాను.

చివర్లో ఆయన గొంతు వినపడింది. "అలాగేనండి, తీసుకుపోతాను. మార్కులు తక్కువని పంపించేస్తున్నామని ఒక కాయితం మీద రాసివ్వండి సార్. ఆళ్ళమ్మలకి ఫోన్లో చదివి వినిపించాలి. నా నోటి మాట నమ్మరండి." అలాంటి కాయితం ఏ స్కూలూ రాసివ్వదు. ఎండాకాలం క్లాసులకి తప్పకుండా రావాలన్న షరతు మీద ముగ్గుర్నీ ఉంచుకున్నారు.

నా వంతు వచ్చింది. నేను లేవగానే మా అమ్మాయి కూడా లేచింది. చున్నీ సర్దుకుంది, గొంతు సవరించుకుంది. "నువ్వుండు. నేను మాట్లాడి వస్తా" అన్నాను. మళ్ళీ కూర్చుంది.

ఇన్‌చార్జి గారు నాకు కుర్చీ చూపించారు, మంచినీళ్ళు తెప్పించారు. "మీకు తెలియందేముంది మేడమ్. మీ స్కూల్లోనే వేసుకుంటే మీ కళ్ళ ముందే ఉంటుంది కదా" అన్నారు. అంత మర్యాదగా అన్నాక ఇంకెవరైనా కాస్త తగ్గి మాట్లాడేవారు. నాకు మాత్రం పౌరుషం పొడుచుకొచ్చింది. "మా పిల్లని ఎలా చదివించుకోవాలో మాకు తెలుసండి. టీసీ ఇవ్వండి" అన్నాను. సంతకం పెట్టడానికి నాకు రెండు నిమిషాలు పట్టలేదు. తల ఎత్తుకునే బయటికొచ్చాను.

మెట్ల దగ్గర ఆయన ఎదురొచ్చారు. "ఏమన్నారండి?"

"టీసీ తీసేసుకున్నాను. ఎవర్నీ బతిమాలే ఖర్మ మాకు లేదు."

ఆయన మొహంలో రంగు మారింది. "పాప గార్ని అడిగేరా అండి?"

"పిల్లల్ని అడిగేదేంటండీ ఇందులో?" అన్నాను.

"ఆయ్" అన్నారు. కాలు ఆడలేదు. అద్దం తుడవడానికి అక్కడ బండి కూడా లేదు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడిపోయారు. నేను మా అమ్మాయి రెక్క పట్టుకుని స్కూటీ దగ్గరికి నడిచాను.

జూన్ నుంచి అది నా స్కూల్లోనే, నా క్లాసులోనే, మూడో బెంచీలో కూర్చుంటోంది. అందరితో పాటు నన్ను టీచర్ అని పిలుస్తుంది. బోర్డు మీద రాసినవన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో ఎక్కించుకుంటుంది. అర్థమైందా అంటే తలూపుతుంది. పరీక్ష పెడితే సగం కాయితం తెల్లగా ఇస్తుంది. తప్పు రాసినా బాగుండేది, ఎక్కడో ఒకచోట పట్టుకునేదాన్ని. వేరే పిల్లలైతే పిలిచి బుజ్జగిస్తాను, కాస్త గదమాయిస్తాను, నవ్విస్తాను, నాకు ఆ విద్య బాగానే వచ్చు. దీని దగ్గర ఏదీ పని చేయలేదు. ఆయన దారిలో ఎదురైతే బండి ఆపి, "పాప గారెలా ఉన్నారండి?" అని అడిగేవారు. "బ్రహ్మాండంగా ఉందండి" అనేదాన్ని. చివరిసారి కూడా అదే అన్నాను. పోయే ముందు వారం.

పెద్దకార్యం నాడు మా అమ్మాయిని తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. షామియానా కింద ఊరు ఊరంతా ఉంది. ఆయన భార్య నన్ను చూసి లేచొచ్చి, ఆయన ఫోను తెచ్చి నా చేతిలో పెట్టారు. "ఇంకా వస్తన్నాయండి పిల్లల మెసేజీలు. నాకు చదవడం రాదు, ఎవరికని చెప్పను?" అన్నారు. ఆ పిల్లల నంబర్లన్నీ నేను వెళ్ళి మార్పిస్తానని చెప్పాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని, మీ గురించి మంచిగా చెప్పేవారండి అన్నారు. తిట్టిన సంగతి ఇంట్లో చెప్పనే లేదన్న మాట. నాకు అక్కడ నిలబడడం కష్టమైపోయింది.

మా అమ్మాయిని పిలుద్దామని వెనక్కి వెళితే, అరటి చెట్ల దగ్గర ఆ ముగ్గురు పిల్లలతో నిలబడి ఉంది. వాళ్ళు ఇప్పుడక్కడే టెన్త్ చదువుతున్నారు. సోషల్లో తప్పిన పిల్ల దీన్ని అడుగుతోంది. "ఆ రోజు నువ్వెందుకు చెప్పలేదే? అందరికంటే నీదే బాగా వచ్చింది కదా. అంకుల్ ఎన్నిసార్లన్నారు నీదే బావుందని!" మా అమ్మాయి నన్ను చూసి పద అన్నట్టు కదిలింది.

స్కూటీ మీద గట్టు వెంబడి వస్తున్నాం. మిట్టమధ్యాహ్నం, ఎండ చురుక్కుమంటోంది. దాని మొహం నాకు కనపడదు, నా మొహం దానికి కనపడదు. అందుకే అడగగలిగాననుకుంటాను.

"ఏం చెప్పాల్సింది ఆ రోజు?"

"ఏం లేదులే."

"చెప్పమ్మా."

కాస్త దూరం పోయాక చెప్పింది. మెసేజీలు వచ్చిన ఆ వారమంతా ఆటోలో నలుగురి చేతా ఆయన అప్పజెప్పించుకున్నారట. ఆయనే ఇన్‌చార్జి గారిలా గొంతు మార్చి, "ఎందుకుంచుకోవాలమ్మా నిన్ను?" అని గద్దించేవారట. అది ఎవరి మాటా కాకూడదు, ఎవరికి వాళ్ళు కట్టుకున్న మాట అయ్యుండాలి అనేవారట. మా అమ్మాయి నాలుగు రోజులు కూర్చుని రాసుకుని, కొట్టేసి, మళ్ళీ రాసుకుందట. ఆ నాలుగు రోజులూ నేనూ అదే ఇంట్లో ఉన్నాను.

"ఏమని రాసుకున్నావు?"

వెనక నుంచి, క్లాసులో లేచి నిలబడి చెప్పినట్టు, ఒక్క మాట తడబడకుండా చెప్పింది.

"సార్, నేను లెక్కల్లో వెనకబడ్డాను. ఎక్కడ వెనకబడ్డానో నాకు తెలుసు. ఏడో తరగతిలో ఒకటి అర్థం కాలేదు. అడగడానికి సిగ్గేసి తలూపాను. అప్పట్నుంచి తలూపుతూనే ఉన్నాను. ఈ సెలవుల్లో అక్కణ్ణుంచే మళ్ళీ మొదలెడతాను. మా అమ్మ లెక్కల టీచర్. అమ్మని అడుగుతాను. నన్ను టెన్త్ ఇక్కడే రాయనివ్వండి సార్."

నాకు దారి సరిగా కనపడలేదు. బండి పక్కకి తీసి ఆపాను. ఇంజను ఆపాలని కూడా తోచలేదు.

"అమ్మని అడుగుతానని ఆయన చెప్పమన్నారా?" అన్నాను.

"కాదు. అది నేను కలిపాను."

బతిమాలడం అనుకున్నాను నేను దాన్ని. గది బయట కూర్చోబెట్టి, తలెత్తుకుని, రెండు నిమిషాల్లో సంతకం పెట్టి వచ్చాను. ఆయన బతికి ఉంటే ఇప్పుడే బండి తిప్పి వెళ్ళి చెప్పేదాన్ని, పాపని అడిగేరా అన్నారు కదా, ఏడు నెలల తర్వాత అడిగానండి అని. ఎవరికి చెప్పను?

"ఏడో తరగతిలో అర్థం కానిదేంటి?" అన్నాను వెనక్కి తిరిగి.

అది నా కళ్ళలోకి చూసింది. నేను ఎక్కడ నవ్వుతానో, ఎక్కడ పాఠం అందుకుంటానో అని చూస్తున్నట్టుంది. "మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకవుతుంది?" అంది.

పదహారేళ్ళుగా ఎందరో పిల్లలు ఆ ప్రశ్న అడిగారు. అందరికీ ఒకటే చెప్పాను, అది రూలు, రాసుకోండి అని. ఎందుకో నేనెప్పుడూ నిలబడి ఆలోచించలేదు.

"నాకూ సరిగ్గా తెలియదమ్మా" అన్నాను. "ఇంటికెళ్ళి ఇద్దరం చూద్దామా?"

మా అమ్మాయి తలూపలేదు. "నీకు తెలియదా?" అంది, పెద్దగా, గట్టు మీద పోయేవాళ్ళు తిరిగి చూసేలా.